కాశీ నుంచి రాని విభూతి

ముందే చెబుతున్నాను, మంచు నేను చూడలేదు. సికింద్రాబాద్‌లో పుట్టాను, మెట్టుగూడలో కాపురం చేశాను. చలి అంటే డిసెంబరులో పొద్దున్నే బకెట్‌లో చెయ్యి పెట్టినప్పుడు తెలిసేదే. అలాంటిదాన్ని ఉత్తర దేశాల మంచు నేల గురించీ, అక్కడ తగలబడే అడవుల గురించీ రాస్తున్నానంటే మీకు నవ్వు రావచ్చు. నవ్వండి, కానీ పూర్తిగా చదివి నవ్వండి. కాగితం వృథా కాకూడదు.

నేను ఒక పరిశోధన సంస్థలో ఆయమ్మగా పనిచేసి రిటైరయ్యాను. గదులు ఊడవడం, టీ పెట్టడం, గాజు సామాను కడగడం నా పని. బడిలో చదివింది ఐదో తరగతి దాకా. తర్వాత నేర్చుకున్న అక్షరాలన్నీ సండే స్కూలువే. అందుకే పెద్ద పెద్ద తెలుగు మాటలు గడగడా చదువుతాను, చిన్న ఇంగ్లిషు మాట దగ్గర తడబడతాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరే పిల్లలు "ఆయమ్మా, సైంటిస్టుల దగ్గర పని అంటే మస్తు ఉండె గదా" అంటారు. ఏం మస్తు? వాళ్లు తాగిన కప్పులకూ మనం తాగిన కప్పులకూ మరక ఒకటే. కానీ ఒక్కసారి మాత్రం మా ఆఫీసు మొత్తం, సైంటిస్టు నుంచి వాచ్‌మన్ దాకా, ఒక చిటికెడు బూడిద కోసం పరేషాన్ అయింది. ఆ సంగతి చెబుతాను.

ఆ బూడిద మా సైంటిస్టు మేడంది. మేడం విశాఖ వైపు మనిషి. మాట మెత్తన, పట్టు గట్టి. టీ ఇచ్చినప్పుడల్లా ఊరికే తీసుకోకుండా రెండు ముక్కలు మాట్లాడేవారు. తన పని ఏమిటో నాకు చెప్పింది కూడా అలాగే.

"ఆయమ్మా, అక్కడ ఉత్తరాన నేల అడుగున మట్టి ఎండాకాలంలో కూడా కరగదు. వేల ఏళ్లుగా గడ్డకట్టే ఉంది. ఎప్పుడో చచ్చిన చెట్లూ నాచూ అందులో కుళ్లకుండా అలాగే ఉన్నాయి."

"ఫ్రిజ్‌ల పెట్టి మర్చిపోయిన కూర లెక్కనా మేడం?"

"సరిగ్గా అదే! మీ ఇంట్లోనూ ఉంటాయా?"

"మా ఇంట్ల మర్చిపోవుడు ఉండది. మిగిలింది పొద్దున తింటం."

మేడం నవ్వి, మళ్లీ అసలు సంగతికి వచ్చారు. ఎండలు పెరిగి ఆ ఫ్రిజ్ తలుపు తెరుచుకుంటోందట. పైన అడవి అంటుకుంటే మంట నేలలోకి దిగిపోయి, పైన మంచు పడ్డా లోపల రాజుకుంటూనే ఉండి, ఎండలు రాగానే మళ్లీ లేస్తోందట. నాకు మా అమ్మ గుర్తొచ్చింది. అగ్గిపెట్టె ఖర్చు ఎందుకని కుంపటిలో నిప్పు మీద బూడిద కప్పి పొద్దుటికి దాచేది. మంటకు కూడా మా అమ్మ తెలివి వచ్చిందన్నమాట.

"ఇప్పుడు నాకు తెలియాల్సింది ఒక్కటే. పై నాచు మాత్రమే కాలుతోందా, అడుగున దాగి ఉన్న పాత మట్టి కూడా కాలుతోందా?"

"పాతది కాలితే ఏమైతది?"

"అందులో ఉన్నదంతా పొగై పైకి వస్తుంది. వేడి పెరుగుతుంది. వేడి పెరిగితే నేల ఇంకా కరుగుతుంది. ఇంకా కాలుతుంది."

"మరి ఆగేదెక్కడ?"

"ఆ ప్రశ్న కోసమే వెళ్తున్నాను," అన్నారు మేడం, కప్పు నా చేతికిస్తూ.

అలా వెళ్లారు. ఆ ప్రయాణానికి మా అకౌంట్స్ సారు పెట్టిన పేరు వల్లే తర్వాత కథంతా నడిచింది. ఎవరడిగినా ఆయన "మేడం నార్త్ టూర్ పోయిన్రు" అనేవారు. ఆయన ఉద్దేశం ఆయనది. కానీ సికింద్రాబాద్ స్టేషను పక్కన పెరిగినవాళ్లకు నార్త్ టూర్ అంటే ఒక్కటే. కాశీ, గయ, ప్రయాగ, ఓపిక ఉంటే బదరీ. మా డ్రైవరు, బొల్లారం మనిషి, శనివారం శనివారం ఉపవాసం ఉండేవాడు, విని రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. "గంత చదువుకున్న మేడం, గింత భక్తి ఉన్నదని నాకు ఎర్కనే లేదక్కా" అన్నాడు నాతో. నేను చర్చి మనిషిని. నాకెందుకు, ఊరుకున్నాను.

మేడం తిరిగొచ్చిన రోజు విమానాశ్రయానికి వెళ్లింది ఆ డ్రైవరే. మేడం ముఖం కమిలిపోయి, దోమలు కుట్టి, పెదవులు పగిలి ఉన్నాయట. యాత్ర చేసి వచ్చినవాళ్లు అట్లనే ఉంటారు కాబట్టి అతనికి అనుమానమే రాలేదు. వెంట ఒక చల్లటి పెట్టె, రెండు అట్టపెట్టెలు. జ్వరంతో ఉన్న మేడం కారులో కళ్లు మూసుకుని, "ఈ చల్లది ఫ్రీజర్‌లో పెట్టించండి. ఒక అట్టపెట్టె నా బీరువాలో పెట్టి తాళం వేయండి. రెండోది అందరికీ పంచేయండి" అన్నారట. ఏది ఏదో చెప్పే ఉంటారు. జ్వరంలో చెప్పినవాళ్లదీ, భక్తిలో విన్నవాళ్లదీ తప్పనలేం.

మర్నాడు డ్రైవరు తలకు స్నానం చేసి, అట్టపెట్టెలోవి స్టీలు పళ్లెంలో పేర్చుకుని, చెప్పులు బయట విడిచి టీ గదిలోకి వచ్చాడు. పళ్లెం నిండా చిన్న చిన్న పొట్లాలు. లోపల బూడిద. చాలావాటికి తెల్ల దారం, మూడింటికి మాత్రం నల్ల దారం. కాశీ పోయినవాళ్లు విభూతి, కాలభైరవుని నల్ల దారం తెస్తారని మీకు తెలిసిందే. ఇక్కడ రెండూ కలిపే ఉన్నాయి. చల్లటి పెట్టెలో చిన్న సీసాల్లో నీళ్లు కూడా ఉన్నాయి కానీ, అవి ఫ్రీజర్‌లోకి పోయాయి కాబట్టి బతికిపోయాం. లేకపోతే తీర్థం కూడా అయ్యేది.

"నల్ల దారంయి పవర్‌ఫుల్," అని ప్రకటించి, ఒకటి వాచ్‌మన్‌కు ఇచ్చాడు, మోకాళ్ల నొప్పులని. ఒకటి అకౌంట్స్ సారుకు, ఆడిటు వస్తోందని. ఒకటి తనే జేబులో పెట్టుకున్నాడు. తెల్లవి మిగతా స్టాఫు కళ్లకద్దుకుని తీసుకున్నారు. నా దగ్గరికొచ్చి ఆగాడు.

"అక్కా, మీరు చర్చివాళ్లు. మీకొద్దు గదా?"

"మొక్కేటందుకు వద్దు తమ్మీ. కానీ బూడిద మంచి మెత్తగున్నది. ఒక పొట్లం ఇయ్యి, టీ గిన్నెలు తోముత. పౌడరు మిగుల్తది."

డ్రైవరు పళ్లెం ఛాతీకి హత్తుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. "పాపం తగుల్తదక్కా!" అన్నాడు. ఆ రోజు నాకు బూడిద దొరకలేదు. ఇప్పుడు తలుచుకుంటే దేవుడి దయ.

జ్వరం తగ్గి మేడం వచ్చారు. బీరువా తెరిచారు. అట్టపెట్టె తీసి, చేతులకు తొడుగులు వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, జాగ్రత్తగా టేపు కోశారు. లోపల చాక్లెట్లు. రంగు రంగుల కాగితాల్లో, ఒక మూల బొమ్మ ఎలుగుబంటి కూడా ఉంది. మేడం కాసేపు ఆ ఎలుగుబంటి కళ్లలో కళ్లు పెట్టి చూశారు.

"ఆయమ్మా, రెండో పెట్టె ఏది?"

"పంచేసినం గదా మేడం. మీరే పంచమన్నరట గదా."

"ఏం పంచారు?"

"విభూతి."

మేడం కుర్చీలో కూర్చున్నారు. కూర్చున్నారు అనడం మర్యాద కోసం. కుర్చీ అక్కడ ఉంది కాబట్టి సరిపోయింది.

అప్పుడు అసలు సంగతి బయటపడింది. అవి కాలిన నేల పొరలు పొరలుగా తవ్వి తీసిన బూడిద. తడికి పెన్ను రాత చెరిగిపోతుంది కాబట్టి గుర్తుకు దారాలు కట్టారట. పై పొరలకు తెల్ల దారం, అన్నింటికంటే అడుగు పొరకు నల్ల దారం. తెల్లవాటి జతలు అక్కడి సైంటిస్టుల దగ్గర ఉన్నాయి, పోయినా తెప్పించుకోవచ్చు. నల్లవి మూడే. మళ్లీ పోయి తవ్వుదామంటే వాళ్లు తవ్విన గట్టు కరిగి, జారి, నదిలో పడిపోయిందని మేడం ఇంకా దారిలో ఉండగానే కబురొచ్చిందట. వచ్చే సోమవారం డబ్బు మంజూరు చేసే కమిటీ వస్తోంది. నల్ల దారం పొట్లం చూపిస్తే మేడం పని ముందుకు సాగుతుంది, లేకపోతే ఇన్నేళ్ల పనికి అక్కడే తాళం.

"ఒక్కటి చాలు ఆయమ్మా. కానీ విప్పనిది కావాలి. గాలి, చెయ్యి, పసుపు, ఏదీ తగలనిది."

ముందు వాచ్‌మన్ దగ్గరికి పోయాం. గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. నుదుటి మీద మూడు బూడిద గీతలు, రెండు మోకాళ్ల మీద ఆరు. మేడం వంగి అతని నుదుటి వైపు చాలాసేపు చూశారు, గీకి తీయొచ్చా అన్నట్టు.

"నొప్పులు మస్తు తగ్గినయి మేడం," అన్నాడు వాచ్‌మన్ దణ్ణం పెట్టి. "మళ్లెప్పుడు పోతరు?"

అకౌంట్స్ సారు సంగతి ఇంకా బాగుంది. రాంగోపాల్‌పేట్‌లో ఆయన ఇంటికి ఫోను చేయిస్తే, ఆయన భార్య విభూతి కాలికింద పడకూడదని అప్పటికే మొత్తం తులసి కుండీలో పోసి నీళ్లు కూడా పోశారట. "మొక్క మంచిగ పెరుగుతున్నది," అన్నారు సారు, తలొంచుకుని.

"పెరుగుతుంది సార్," అన్నారు మేడం. "పెరగకేం చేస్తుంది?"

మిగిలింది డ్రైవరుది. సంగతి విన్నప్పటినుంచి అతను కారు తుడుస్తూనే ఉన్నాడు, తుడిచిన చోటే. "నాది విప్పలే మేడం," అన్నాడు చివరికి. మేడం ముఖం వెలిగింది. "కానీ నా దగ్గర లేదు. నా మనుమరాలి ఉయ్యాలకు కట్టిన్రు." మేడం ముఖం ఆరిపోయింది.

బొల్లారం పోయాం. ఆటో అన్నారు మేడం. డ్రైవరుండగా, కారుండగా ఆటో ఏంది అని నేనే కసిరాను. మేడం తోచక అలా అన్నారు గానీ, తోచనప్పుడు కూడా తెలివి తప్పకూడదని పిల్లలు మీరు గుర్తుంచుకోవాలి.

ఇంట్లో డ్రైవరు భార్య, బాలింతరాలైన కూతురు ఉన్నారు. ముందుగదిలో ఇనప కొక్కేనికి చీర ఉయ్యాల. పైన దూలానికి దగ్గరగా మా నల్ల దారం పొట్లం, మరో నల్ల తాడుతో ఉయ్యాలకు కట్టి వేలాడుతోంది. పక్కనే ఒక వేపరొట్ట, ఒక నిమ్మకాయ. పొట్లం అక్కడ చుట్టపుచూపుగా వచ్చినట్టు లేదు, ఆ ఇంట్లోనే పుట్టినట్టుంది. కింద పిల్ల నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

కాశీ నుంచి ఇంకోటి తెప్పిస్తాం, ఇది ఇచ్చేయండి అని చెబుదాం అని నేను దారిలోనే మేడానికి నేర్పాను. మేడం తలూపారు కూడా. తీరా గడప దాటగానే, "అమ్మా, అది కాశీ విభూతి కాదు" అనేశారు. చదువుకున్నవాళ్లతో ఇదే తక్లీఫ్.

"మరేంది?" అంది డ్రైవరు భార్య.

"కాలిపోయిన అడవి నేల బూడిద. చాలా దూరం నుంచి తెచ్చాను."

డ్రైవరు భార్య మేడాన్ని ఏమీ అనలేదు. మొగుడి వైపు తిరిగింది. "ఏం మనిషివయ్యా నువ్వు? ఎక్కడిదో కాలిన మన్ను దెచ్చి పసిపిల్ల నెత్తిమీద గడ్తవా? కాశీదన్నవ్, కాలభైరవుడన్నవ్, నేను వాడకట్టంత చెప్పుకున్న గదయ్యా!"

"నార్త్ టూర్ అన్నరు గదా," అని గొణిగాడు డ్రైవరు.

"నీకు నార్త్ ఎర్కనా, సౌత్ ఎర్కనా? ఇగ ఆ కారు ఎట్ల నడుపుతున్నవో ఏమో!"

ఆమె స్టూలెక్కి ఆ పొట్లం పీకి మోరీలో పారేసేలా ఉంది. నేను స్టూలుకు అడ్డం నిలబడ్డాను. నా ఒళ్లు అలాంటి పనులకు బాగా పనికొస్తుంది. అప్పుడు కూతురు నోరు తెరిచింది.

"అమ్మా, ముట్టకు. కాశీది కాకుంటే ఏంది? అది గట్టినప్పటిసంది పిల్ల నిద్రపోతున్నది. విప్పినంక ఏమన్నయితే ఎవరు జవాబు చెప్తరు?"

ఆ మాటతో గది చల్లబడింది. డ్రైవరు భార్య స్టూలు దగ్గర్నుంచి వెనక్కి జరిగింది. ఎంత కోపమొచ్చినా ఉయ్యాలకు కట్టింది విప్పడానికి ఆమె చెయ్యి రాలేదు. డ్రైవరు అంతకుముందే గోడకు ఆనుకున్నాడు. మేడం నా వైపు చూసి, "వద్దు ఆయమ్మా, పోదాం పదండి" అన్నారు చిన్నగా. సోమవారం కమిటీ పెట్టుకుని ఆ మాట అన్నారంటే, ఆ మనిషి మీద నాకు గౌరవం పెరిగింది, కోపమూ పెరిగింది.

"బిడ్డా," అన్నాను ఆ పిల్లతో, "నీకు కావల్సింది తాడా, బూడిదనా?"

ఆ పిల్ల ఆలోచించింది. "తాడే," అంది.

"అయితే తాడు నీది. పొట్లం మేడంది. ఈ తాడునే మేడం తన చేత్తోని కొత్తగ కడ్తది. సరేనా?"

"మేడం కడ్తే సరే. మరి ఇది ఎవరు విప్పుతరు? విప్పినోళ్లకే తగుల్తదంటరు."

అందరూ ఒక్కసారి నా వైపు తిరిగారు. "అక్కా, మీరు చర్చివాళ్లు," అంది డ్రైవరు భార్య, ఆశగా. "మీకేం తగలది."

స్టూలెక్కాను. తాడు ముడి దగ్గర నా వేళ్లు కాస్త ఆగాయి. ఎందుకాగాయని అడక్కండి, ముడి బిగుతుగా ఉందని రాసుకోండి. ఉయ్యాల తాడు విప్పాను. పొట్లం మీద మేడం వేసిన నల్ల దారం ముడి అలాగే ఉంది. పిల్ల కళ్లు తెరిచి, నన్ను చూసి, గుక్కపట్టింది. మేడం, జీవితంలో ఇలాంటిది ఎప్పుడూ కట్టని మనిషి, ఉయ్యాలకు ఆ తాడు ముడేశారు. ఒకటి చాలదన్నట్టు మూడు ముళ్లు వేశారు. పిల్ల ఏడుపు ఆపలేదు. పిల్లకని మేడం సంచిలో వేసుకొచ్చిన చాక్లెట్ల పెట్టె ఎలుగుబంటి ఇస్తే ఆపింది.

సోమవారం కమిటీ వచ్చింది. నేను టీ పళ్లెంతో తలుపు దగ్గరే ఉన్నాను. ఇంగ్లిషులో చాలా నడిచింది. చివరికి ఒక పెద్ద సారు, మన తెలుగాయనే, పొట్లం వెలుతురులో పట్టుకుని, "ఇది ఇన్ని రోజులు ఎక్కడ భద్రంగా ఉంచారమ్మా?" అన్నారు.

మేడం అబద్ధమాడరని మీకు ఇప్పటికి తెలిసింది. "ఒక ఉయ్యాలకి కట్టి ఉంది సార్."

ఎవరో దగ్గారు. పక్క సారు పెన్ను మూసేశారు. మేడం పని అంతా ఆ పెన్ను మూతలో ఇరుక్కుంది.

"మధ్యలో ఎవరూ విప్పలేదని ఎలా నమ్మాలి?" అన్నారు పెద్ద సారు.

మేడం డ్రైవరును పిలిపించారు. అతను లోపలికి రాగానే అలవాటుగా చెప్పులు విడిచాడు.

"ఎవరు విప్పుతరు సార్?" అన్నాడు. "ఉయ్యాలకు గట్టింది విప్పినోళ్లకే తగుల్తది. నేను విప్పలే, నా భార్య విప్పలే. నా బిడ్డ అయితే ఎవర్నీ ముట్టనియ్యలే. ఆఖరికి ఈ అక్కను తీస్కపోయి విప్పించినం, చర్చి అక్క అని."

పెద్ద సారు నా వైపు తిరిగారు. "నువ్వు పొట్లం తెరిచావా?"

"లేదు సార్. ఉయ్యాల తాడే విప్పిన. పొట్లం ముడి మేడంది. నాది కాని సామాను నేను విప్ప."

అక్కడ తవ్వినప్పుడు తీసిన ఫోటో మేడం తీసి పెట్టారు. ఫోటోలో ముడి, చేతిలో ముడి పక్కపక్కన పెట్టి అందరూ భూతద్దంలో చూశారు. ఒకే వంకర, ఒకే మెలిక. బీరువా తాళానికైతే ఆఫీసులో నాలుగు తాళం చెవులున్నాయని అక్కడున్న అందరికీ తెలుసు. ఈ ముడికి ఒక్కటి కూడా లేదు.

పెద్ద సారు పొట్లం కింద పెట్టారు. "మా ఆవిడ నా కారుకి నిమ్మకాయ కట్టింది," అన్నారు మెల్లగా. "ఎప్పుడో ఎండిపోయింది. నేను జీవితమంతా ఫిజిక్సు చెప్పాను. అయినా ఇంతవరకు దాన్ని తీయలేదు."

పక్క సారు పెన్ను మూత మళ్లీ తీశారు.

పొట్లం పరీక్షకు వేరే ఊరు పోయింది. చాలా నెలల తర్వాత ఫలితం వచ్చింది. ఆ రోజు మేడం టీ గదికే వచ్చి బల్ల మీద కూర్చున్నారు. డ్రైవరు అక్కడే ఉన్నాడు.

"కాలింది పాత మట్టే," అన్నారు. "మనుషులు రాయడం నేర్చుకోకముందు గడ్డకట్టిన మట్టి. అది కూడా కాలుతోంది."

"మీరనుకున్నదే గదా మేడం," అన్నాను. "మిఠాయి తెప్పియ్యాలె."

"అనుకున్నదే ఆయమ్మా. తప్పైతే బాగుండునని కూడా అనుకున్నాను."

డ్రైవరు తల గోక్కుని అడిగాడు.

"మరి మేడం, అది ఇంక కాలకుండ దానికి ఏం గట్టాలె?"

మేడం నవ్వారు. కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయింది.

"అదే రాస్తున్నాను అన్నా," అన్నారు.

ఇప్పుడు నేను రిటైరయ్యాను. మేడం ఇంకా రాస్తూనే ఉన్నారు.